బరువైన ఆ పెట్టె

"ఉస్తాద్, ఈ టీవీ వెనుక ఇంత పెద్ద డబ్బా ఎందుకున్నది?"

మా మదరసాలో పదేళ్ల విద్యార్థి ఒకడు ఇటీవల వేసిన ప్రశ్న ఇది. వాడి పాఠ్యపుస్తకంలో అక్షరాల పక్కన ముద్రించిన బొమ్మలలో టీవీ బొమ్మ ఒకటి ఉన్నది. దాని నెత్తిన రెండు కొమ్ములు, కింద నాలుగు కాళ్లు, పక్కన తిప్పే మరలు రెండు, వెనుక బాన వంటి కడుపు. ఆ పిల్లవాడు కళ్లు తెరిచేనాటికే వారి ఇంట టీవీ అంటే గోడకు తగిలించిన పలక. పుస్తకాలు అచ్చువేసేవారు మాత్రం ఈనాటికీ పాత బొమ్మనే వేస్తున్నారు. పలకను గీస్తే అది కిటికీయో, నల్లబల్లో ఎవరికి తెలుస్తుంది మరి!

ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి ఒక పీరియడ్ మొత్తం గడిపాను. చెబుతున్నకొద్దీ ఎన్నో విషయాలు జ్ఞాపకానికి వచ్చాయి. వాటిలో కొన్నింటిని ఈ మాసం పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఆ డబ్బాలో ఉన్నదంతా దాదాపు ఒకే ఒక గాజు బుడ్డి. దానినే మనం పిక్చర్ ట్యూబ్ అనేవాళ్లం. గరాటును పక్కకు పడుకోబెట్టి, దాని వెడల్పాటి మూతికి గాజు మూత బిగించినట్లు ఉంటుంది. లోపలి గాలినంతా తోడివేస్తారు. సన్నని మెడ చివర వేడెక్కే లోహపు ముక్క ఒకటి ఉంటుంది. అది వేడెక్కగానే కంటికి కనబడని ఎలక్ట్రాన్లు ధారగా బయలుదేరి, ముందున్న తెరను లోపలి వైపు నుండి తాకుతాయి. తెరకు పూసిన పొడి, ధార తాకిన చోటల్లా వెలుగుతుంది. మెడ చుట్టూ చుట్టిన రాగి తీగల అయస్కాంతబలం ఆ ధారను ఎడమ నుండి కుడికి, పై నుండి కిందికి వంచుతూ బొమ్మను గీస్తుంది. మన దేశంలో ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఆ ధార తెర మూలల దాకా వంగి చేరాలంటే కొంత దూరం ప్రయాణించక తప్పదు. వెనుక డబ్బా అంత పొడవు ఉండటానికి కారణం ఆ దూరమే. 1897లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన నాళిక దీనికి మూలపురుషుడు. ఆయన దానిని వినోదం కోసం చేయలేదు. విద్యుత్తు తరంగాల ఆకారాన్ని కంటితో చూడటానికి చేసుకున్న పరికరం అది.

బరువు సంగతి ఇంకా విచిత్రమైనది. లోపల గాలి లేదు, బయట ఉన్నది. ప్రతి చదరపు సెంటీమీటరు మీద వాతావరణం సుమారు ఒక కిలో బరువుతో ఒత్తుతుంది. 20 అంగుళాల తెర అంటే 16 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. లెక్క కడితే దాదాపు 1,240 చదరపు సెంటీమీటర్లు. అంటే పన్నెండు వందల కిలోలకు పైబడిన ఒత్తిడి రాత్రింబవళ్లు ఆ గాజు ముఖం మీద మోపబడి ఉండేదన్నమాట! దానిని తట్టుకోవడానికే అంత మందమైన గాజు, అందుకే ముందుకు ఉబ్బిన ఆ తెర. రంగుల టీవీలో ఎలక్ట్రాన్లను పరుగెత్తించడానికి పాతిక వేల వోల్టుల దాకా విద్యుత్తు అవసరమయ్యేది. అంతటి వేగంతో తాకినప్పుడు పుట్టే ఎక్స్‌కిరణాలు బయటికి రాకుండా ఆపడానికి గాజులో సీసం కలిపేవారు. ఇద్దరు మనుషులు పట్టుకుంటేనే కదిలే ఆ బరువులో సింహభాగం గాజుదే.

దీనిని చెప్పగానే పిల్లలందరి కళ్లూ పెద్దవయ్యాయి. "అది పగిలితే?" అని ఒకడు అడిగాడు. పగిలితే బయటి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి గాజు ముక్కలు చిమ్ముతాయి. అందుకే మెకానిక్కులు దాని మెడను పసిబిడ్డ మెడలా పట్టుకునేవారు.

మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. అయితే తెలుగు పల్లె దానిని చూసింది 1975లో. ఆ సంవత్సరం ఆగస్టు నుండి ఒక ఏడాదిపాటు అమెరికా వారి ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకొని, ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు బొమ్మలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరందరికీ ఒకే టీవీ, ఊరందరూ దాని ముందే. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులోని ముఖ్య విషయాలు. ఏడాది నిండగానే ఉపగ్రహాన్ని తిరిగి ఇచ్చివేశారు. తరువాత 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలిసింది. 1982లో రంగులు వచ్చాయి. ఆ ఏడు ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలే దానికి ప్రేరణ. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ గారు తెరమీద తొలిసారి తెలుగులో వార్తలు చదివారు. ఎదుట అక్షరాలు చూపించే యంత్రం లేని రోజులవి. కాగితం మీది వార్తలను కంఠస్థం చేసి, ప్రేక్షకుల కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. కంఠస్థం చేయించడమే వృత్తిగా గల నావంటివాడికి ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం ఉండటం సహజమే. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారని చదివినప్పుడు ఆ నిదానమైన గొంతు మళ్లీ చెవులలో మెదిలింది.

ఇంకొక మాట. రేడియోకు, టీవీకి తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించి లైసెన్సు తీసుకోవలసిన కాలం ఒకటి ఉండేది. 1980ల మధ్యలో దానిని ఎత్తివేశారు. పాత ఇళ్లలో, నిఖానామాలు, భూమి పత్రాలు దాచిన రేకుపెట్టె అడుగున, ఆ చిన్న పుస్తకాలు ఇప్పటికీ అక్కడక్కడ దొరుకుతాయి.

అప్పటి టీవీలు సామాన్యంగా మన దేశంలోనే తయారయ్యేవి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ చేసిన ఇ.సి. టీవీ, మద్రాసు నుండి వచ్చే డయనోరా, సాలిడేర్, తరువాత ఒనిడా, బి.పి.ఎల్., వీడియోకాన్. పేరు చెబితే చాలు, ఎవరి ఇంట ఏది ఉండేదో మన పెద్దలు ఇప్పటికీ చెప్పగలరు. కొన్నింటికి కొయ్య పెట్టె, దానికి మడత తలుపులు, తలుపులకు తాళం! బియ్యపు గాదెకు లేని తాళం టీవీకి ఉండేది. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ, పక్కన గుర్రుమనే స్టెబిలైజర్. మీట నొక్కితే బొమ్మ వెంటనే వచ్చేది కాదు. ముందు ధ్వని, ఆ తరువాత మసకగా వెలుగు, తరువాత బొమ్మ. ఆర్పివేస్తే వెలుగంతా మధ్యకు ముడుచుకొని ఒక చుక్కగా మారి, ఆ చుక్క కాసేపు అలాగే నిలిచి మాయమయ్యేది. పిల్లలు ఆ చుక్క పోయేదాకా లేచేవారు కారు. తెర దగ్గరికి చేయి పెడితే రోమాలు నిక్కబొడుచుకునేవి. ఇంట్లోని దుమ్మంతా దానికే అంటుకునేది.

మిద్దె మీద యాంటెన్నా తిప్పడం ఒక ఇంటిల్లిపాది కార్యం. పైన ఒకరు, మెట్ల మీద ఒకరు, టీవీ ముందు ఒకరు.

"ఆయా క్యా?"

"నై ఆయా! ఇంకొంచెం తిప్పు!"

"ఇప్పుడో?"

"ఆ… ఆ… వచ్చింది! పోయింది! అక్కడే వదిలెయ్ భాయ్, చేయి తీయకు!"

చేయి తీయకుండా ఎంతసేపని నిలబడటం! మనిషి చేయి వేసి ఉన్నంతసేపూ బొమ్మ స్పష్టంగా ఉండటం, దిగి రాగానే చెదిరిపోవడం అందరికీ అనుభవమే. అన్నదమ్ములలో చిన్నవాడికే ఎప్పుడూ మిద్దె వంతు వచ్చేది. గాలివానకు, కాకులకు ఆ గొట్టాలు పక్కకు తిరిగిన ప్రతిసారీ ఇదే తతంగం.

బొమ్మ రానప్పుడు తెర మీద చిటపటలాడే తెల్లని, నల్లని చుక్కలను మా వైపు 'చీమలు' అనేవారు. ఆ చీమలలో అతి స్వల్పమైన భాగం ఈ విశ్వం ఆరంభకాలం నాటి వెలుగు చల్లారి మిగిలిన తరంగాలు పుట్టించినదని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ తరంగాలను 1960లలో గుర్తించిన ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లకు 1978లో నోబెల్ బహుమానం లభించింది. మనం విసుక్కుంటూ తలమీద చరిచిన పెట్టె, మనకు తెలియకుండానే అంత పాత కబురును చూపించేదన్నమాట.

మన ముస్లిం ఇళ్లలోకి టీవీ సులభంగా ప్రవేశించలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. బొమ్మల గురించి, పాటల గురించి, కాలం వృథా కావడం గురించి పెద్దలు అభ్యంతరాలు చెప్పారు. ఆ అభ్యంతరాలను ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను. వారి భయాలలో కొన్ని నిజమయ్యాయి కూడా. కానీ ఒకసారి ఇంట్లోకి వచ్చిన తరువాత ఆ పెట్టెకు మన పెద్దలు కొన్ని మర్యాదలు నేర్పారు. అజాన్ వినబడగానే ధ్వని తగ్గించడం గాక, మీటే ఆపివేసి గుడ్డ కప్పేవారు. మగ్రిబ్ నుండి ఇషా వరకు అది తెరుచుకోని ఇళ్లు ఉండేవి. పిల్లలు పాఠం అప్పగించనిదే తాళంచెవి దాదీ కొంగుముడి విడిచేది కాదు. షాబాన్, రమజాన్ నెలల ఇరవైతొమ్మిదో సాయంత్రం మబ్బు పట్టి ఉంటే, చంద్రదర్శనం కబురు కోసం రేడియో ఒకవైపు, టీవీ ఒకవైపు పెట్టుకొని కూర్చునేవారు. ఒక గదిలో, ఒక చోట, అందరికీ కనబడేలా ఉన్న వస్తువు కనుకనే దానికి మర్యాద నేర్పడం సాధ్యపడింది. చేతిలో ఇమిడి, దుప్పటి కిందికి దూరే తెరకు దాదీ ఏ తాళం వేయగలదు?

ఇంట్లో కార్యక్రమాల ఎంపిక పెద్ద సమస్య కాదు, ఎందుకంటే ఉన్నది ఒకే ఛానలు. 1987లో ఆదివారం ఉదయాన 'రామాయణ్' మొదలైనప్పుడు హిందువుల ఇళ్లు, ముస్లింల ఇళ్లు అన్న భేదం లేకుండా బజార్లు నిర్మానుష్యమయ్యాయి. 1988లో గుల్జార్ తీసిన 'మిర్జా గాలిబ్' వచ్చినప్పుడు మాత్రం సీను మారింది. ఆ ఉర్దూ అర్థం కాక మాలాంటి యువకులు తెల్లమొహం వేస్తే, చదువు మానేసి నలభై ఏళ్లయిన ముసలివారు పదం పదం విడమరచి చెప్పారు. గది మూలన మౌనంగా కూర్చునే మనిషికి వారానికి ఒక అరగంట ఇంటి పెద్ద హోదా తిరిగి దక్కింది. 1990లో 'ది స్వోర్డ్ ఆఫ్ టిపూ సుల్తాన్' వచ్చింది. దాని చిత్రీకరణ సమయంలో 1989 ఫిబ్రవరిలో మైసూరు స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మా సీమవాసులకు ఆ ధారావాహిక పరాయి కథ కాదు. గుర్రంకొండ కోట హైదర్, టిపూల ఏలుబడిలో ఉన్నదే. 'మన కోటను చూపిస్తారా?' అని ప్రతి వారం ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు.

ఇదంతా చదివి ఆ రోజులన్నీ తీయనివేనని పాఠకులు అనుకోవచ్చు. అలా చెప్పడం న్యాయం కాదు. టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటి ఉంటే, లేని ఇళ్లు ముప్పై ఉండేవి. లోపల చాప మీద కూర్చునేవారెవరు, గుమ్మం దగ్గర నిలబడేవారెవరు, కిటికీ చువ్వలు పట్టుకొని వేలాడేవారెవరు అన్నది డబ్బును బట్టి, కొన్ని ఊళ్లలో కులాన్ని బట్టి నిర్ణయమయ్యేది. సరిగ్గా కథ రసపట్టులో ఉండగా కిటికీ తలుపు మూసివేసిన ఇంటి యజమానులు ఉన్నారు. ఆ మూసిన తలుపును నలభై ఏళ్లైనా మరవని మనుషులూ ఉన్నారు. ఇంట్లో ఆడవారి మాట చెప్పనే అక్కరలేదు. అందరూ చూస్తున్నప్పుడు వంటింట్లో టీ కాచినదెవరు? సగం కథ చెవులతో విన్నవారికి పాత టీవీ అంటే వంటింటి గోడ అవతలి ధ్వని మాత్రమే. పాత కాలాన్ని తలచుకొనేటప్పుడు మనం సాధారణంగా చాప మీద కూర్చున్నవారి జ్ఞాపకాన్నే అందరి జ్ఞాపకంగా రాస్తాము.

అయినప్పటికీ ఈ పెట్టె బరువుకు కొన్ని ఇళ్లలో వేరొక అర్థం ఉన్నది. కడప, రాయచోటి ప్రాంతాలలోనూ, తెలంగాణలో కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాలలోనూ దాని సంగతి బాగా తెలుసు. గల్ఫ్‌కు వెళ్లిన మనిషి రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చేటప్పుడు తెచ్చే సామానులో అన్నిటికన్నా పెద్ద అట్టపెట్టె టీవీదే. చుట్టూ తాడు, దాని మీద లావుపాటి అక్షరాలతో పేరు, ఊరు, జిల్లా. అరబ్బు దేశాలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క ప్రసార పద్ధతి కనుక అక్కడ అమ్మే సెట్లు అన్ని పద్ధతులకూ పనికివచ్చేవి; ఇక్కడికి తెచ్చినా చక్కగా పనిచేసేవి. విమానాశ్రయం నుండి ఊరికి జీపులో వచ్చేటప్పుడు ఆ పెట్టెను సీటు మీద పెట్టి, మనిషి కింద కూర్చునేవాడు. నెల రోజుల సెలవు తీరగానే అతడు వెళ్లిపోయేవాడు. టీవీ ఉండిపోయేది.

నాకు ఎరుకపడిన ఒక ఇంట ఇటువంటి సెట్టు 1988లో వచ్చింది. ఇంటాయన కువైటులో డ్రైవరు. ఆమెను నేను ఖాలా అని పిలుస్తాను. ఇప్పుడు డెబ్బై దాటాయి. 1990లో నేను చదువు నిమిత్తం దూరాన ఉన్నాను కనుక ఇది ఆమె నోట విన్నదే. ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటులో ప్రవేశించాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. టెలిఫోను అసలే లేదు, ఉన్నా లైను కలిసేది కాదు. ఆమెకు ఉర్దూ వచ్చు కనుక హిందీ వార్తలు అర్థమయ్యేవి. ప్రతి రాత్రీ ముగ్గురు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, భర్త మోసుకొచ్చిన ఆ టీవీలోనే భర్త ఉన్న నగరం పేరు వినడానికి కూర్చునేది. ఆ వీధిలో కువైటుకు మనుషులను పంపిన ఇళ్లు ఇంకా నాలుగైదు. అందరూ ఆ గదికే వచ్చేవారు. వార్తలు చదివేవారి పెదవులను చూస్తూ, ఒక్క మాట కూడా జారిపోకూడదని దగ్గు వచ్చినా ఆపుకునేవారట. మన ప్రభుత్వం జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాలు నడిపి, సుమారు రెండు నెలలలో లక్షమందికి పైగా భారతీయులను తిరిగి తెచ్చింది. ఎడారి గుడారాలలో ఎండకు మాడుతున్న మన మనుషులు తెరమీద కనబడితే, గదిలో ఉన్నవారంతా ముందుకు జరిగి గాజుకు ముఖాలు ఆనించేవారు.

"ఎవరైనా కనబడ్డారా ఖాలా?" అని అడిగాను.

"దగ్గరికి పోతే బొమ్మ పోయి చుక్కలే కనబడతాయి బేటా. దూరంగా ఉంటే మనిషిలా ఉంటుంది, ఎవరో తెలియదు" అన్నది.

అక్టోబరులో ఆయన వచ్చాడు. ఒంటిమీది బట్టలు, ఒక ప్లాస్టిక్ సంచి. ఆరేళ్ల కష్టం అక్కడే ఉండిపోయింది. కువైటు సంపాదనగా ఆ ఇంట మిగిలినది, రెండేళ్ల ముందు తెచ్చిన ఆ టీవీ ఒక్కటే. ఆయన తరువాత ఊళ్లోనే ఆటో నడిపి పిల్లలను పెంచాడు, ఇప్పుడు లేడు.

ఆ సెట్టును ఇన్నేళ్లు బతికించినవాడు ఒక మెకానిక్కు. ఈ మెకానిక్కుల గురించి ఎవరూ రాయరు కనుక నాలుగు మాటలు. రేడియో, టీవీ మరమ్మత్తు మన యువకులు ఎందరికో అన్నం పెట్టిన విద్య. పదో తరగతి తప్పినవాడు కూడా ఉస్తాద్ దుకాణంలో మూడేళ్లు టంకం పెట్టి, ఆపైన సొంత బల్ల వేసుకునేవాడు. బొమ్మ కింద నుండి ముడుచుకుపోతే ఏది చెడినట్లు, ఒకే తెల్లని అడ్డగీత మిగిలితే ఏది చెడినట్లు, ధ్వని ఉండి వెలుగు లేకుంటే ఏది చెడినట్లు, అంతా హకీం నాడి చూసినట్లే. మీట ఆపినా ట్యూబులో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక, ముందుగా దానిని తీగతో దించిన తరువాతనే చేయి వేసేవాడు. అజాగ్రత్తగా చేయి వేసి గోడకు విసిరివేయబడినవారు ఉన్నారు. "పిక్చర్ ట్యూబ్ పోయింది" అన్న మాట ఇంటివారికి పిడుగుపాటు; ఎందుకంటే కొత్త ట్యూబు ఖరీదు సెట్టు ఖరీదులో పెద్ద భాగం. పలక టీవీలు వచ్చిన తరువాత బాగుచేయడం కన్న బోర్డు మార్చడం, బోర్డు కన్న టీవీనే మార్చడం చౌక అయింది. ఆ మెకానిక్కులలో కొందరు మొబైల్ ఫోన్ల దుకాణాలు పెట్టారు. కొందరికి అప్పటికే చూపు మందగించింది, ఆ సన్నని పని చేతకాలేదు.

విదేశాలలో మాత్రం ఈ పెట్టెలకు కొత్త గిరాకీ వచ్చింది. పాత వీడియో ఆటలు ఆడేవారు వీటిని వెదకి కొంటున్నారు. కారణం మమకారం ఒక్కటే కాదు. ఆ ఆటల బొమ్మలు ఈ తెరల కోసమే గీసినవి. మీట నొక్కిన క్షణానికే బొమ్మ కదలడం ఈ ట్యూబులకు సహజగుణం. ఇప్పటి తెర వచ్చిన బొమ్మను ముందు లోపల సరిచేసుకొని తరువాత చూపిస్తుంది, ఆ లోపల ఒక లిప్తపాటు ఆలస్యం జరుగుతుంది. 1989లో సోనీ సంస్థ జపానులో 43 అంగుళాల ట్యూబు టీవీ ఒకదానిని విడుదల చేసింది. దాని బరువు సుమారు 200 కిలోలు! ప్రపంచంలో అది ఒక్కటైనా మిగిలి ఉన్నదా అని ఔత్సాహికులు ఏళ్ల తరబడి వెదికారు. చివరికి ఒసాకా నగరంలో ఒక నూడుల్స్ హోటలు మేడ మీద దొరికితే, దానిని దింపి, సముద్రం దాటించి అమెరికాకు చేర్చారు. మనదేశంలో అటువంటి వెర్రి ఇంకా పుట్టలేదు. ఇక్కడ ట్యూబు టీవీ అంటే పాత సామాన్ల బండివాడు కూడా ముఖం తిప్పుకునే వస్తువు.

అతడు ముఖం తిప్పుకోకుండా తీసుకుంటే ఏమవుతుంది? ఇది పాఠకులు తెలుసుకోవలసిన విషయం. ఆ బండివాడికి కావలసినది మెడచుట్టూ ఉన్న రాగి మాత్రమే. రాగి తీయడానికి ట్యూబును సుత్తితో పగులగొడతారు. మిగిలిన గాజును ఊరి బయట పారవేస్తారు. ఒక్కొక్క ట్యూబులో ఒకటి రెండు కిలోల సీసం ఉంటుంది. లోపలి పూత పొడిగా రాలి ఊపిరితో లోపలికి పోతుంది. ఆ పని చేసేది చాలా చోట్ల పిల్లలు, ఆడవారు. చేతులకు గుడ్డ కూడా ఉండదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇటువంటి వ్యర్థాల కోసం మన దేశంలో 2012 నుండి నియమాలు అమలులో ఉన్నాయి. అనుమతి పొందిన సేకరణ కేంద్రాలకే వీటిని అప్పగించాలి. పెద్ద నగరాలలో అవి ఉన్నాయి. చిన్న ఊళ్ల సంగతి ఏమిటంటే, పక్క నగరానికి సామానుతో వెళ్లే వ్యాను ఎక్కించడం మేలు. వందకో రెండు వందలకో బండివాడికి అమ్మడం మేలు కాదు. ఏ వీలూ లేకుంటే పగలకుండా ఇంటి మూలన ఉంచడమే క్షేమం. పగలని గాజులోని సీసం ఎవరికీ హాని చేయదు.

ఈ సంగతులన్నీ పోయిన నెల ఖాలా ఇంట చెప్పాను. ఆమె పెద్ద కుమారుడు కొత్త టీవీ గోడకు బిగించి, పాతదానిని తీసివేయాలని పట్టుబట్టి, నచ్చజెప్పమని నన్ను పిలిపించాడు. సీసం మాట ముందుగా చెబితే ఆమె మెత్తబడుతుందని నా ఉద్దేశం. ఆమె అంతా శ్రద్ధగా విన్నది. ఆ తరువాత కుమారుని వైపు తిరిగి, "విన్నావా? మౌల్వీ సాబే చెబుతున్నాడు. బయట పారేస్తే పిల్లలకు విషమంట. ఇక్కడే ఉండనీ" అన్నది.

అతడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తున్నది. ఇప్పుడు కొత్త టీవీ గోడ మీద ఉన్నది. సరిగ్గా దాని కింద పాతది. దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు, ఖాలా మందుల డబ్బా, కళ్లజోడు. కరెంటు తీగ పీకివేశారు. వెనుక మూత మీద ఆయన కువైటులో తెల్లరంగుతో రాయించిన పేరు, ఊరు, వయా రాయచోటి, కడప జిల్లా. గోడ వైపు ఉన్నది కనుక ఎండ తగలక, రంగు చెక్కు చెదరలేదు.